నర్సింగ్ హోముల్లో తప్పిపోయే మందు మోతాదులు: అమీర్‌పేట, పంజాగుట్ట నేపథ్యంలో కారణాలు, నివారణ మార్గాలు

వ్యాస సంగ్రహం

వైద్యుడు రాసిన మందు రోగికి అందవలసిన వేళకు అందకపోవడాన్ని ‘మోతాదు తప్పడం’ అంటారు. హైదరాబాదు నగర మధ్యభాగంలోని అమీర్‌పేట, పంజాగుట్ట పరిసరాల్లో నెలకొన్న నర్సింగ్ హోములు, వృద్ధాశ్రమాల వంటి సంస్థల పనితీరును నేపథ్యంగా తీసుకొని, ఈ లోపం ఏయే దశల్లో పుడుతుందో, దాన్ని ఎలా నివారించవచ్చో ఈ వ్యాసం వివరిస్తుంది. సిబ్బంది మతిమరుపు కంటే మందు చేతులు మారే తీరు, రికార్డు రాసే తీరు ఈ లోపానికి ముఖ్య కారణాలని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మోతాదు, పూట, నర్సింగ్ హోమ్, వృద్ధాశ్రమం, డ్రగ్ చార్టు, అటెండెంటు, షిఫ్టు మార్పు, డిశ్చార్జి.

1. ఉపోద్ఘాతం

‘నర్సింగ్ హోమ్’ అనే మాటకు న్యూయార్కులో ఉన్న అర్థం వేరు, హైదరాబాదులో ఉన్న అర్థం వేరు. అమెరికాలో అది తమ పనులు తాము చేసుకోలేని వృద్ధులు దీర్ఘకాలం నివసించే చోటు. ఇక్కడ అది పదిహేను నుంచి యాభై వరకు పడకలుండే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. ప్రసవాలు, జ్వరాలు, హెర్నియా శస్త్రచికిత్సలు, విరిగిన ఎముకలు అక్కడ నిత్యకృత్యాలు. ఈ రెండో అర్థం తెలుగువారు కల్పించుకొన్నది కాదు. ఇంగ్లండులో 1927లో వచ్చిన నర్సింగ్ హోముల రిజిస్ట్రేషన్ చట్టం, దాని ఛాయల్లో 1949లో వచ్చిన బొంబాయి చట్టం కూడా రోగులను, గాయపడినవారిని, బలహీనులను చేర్చుకొనే గృహాన్నే ఈ పేరుతో పిలిచాయి. ప్రసూతి గృహాలను కూడా అందులోనే చేర్చాయి. తరవాతి కాలంలో పాశ్చాత్య దేశాల్లో ఆ మాట వృద్ధుల సంరక్షణకు పరిమితమైంది, మన దగ్గర పాత అర్థంలోనే నిలిచిపోయింది.

ఈ భేదాన్ని మొదటే గుర్తించడం అవసరం. మందు మోతాదుల విషయంలో అంతర్జాతీయ పరిశోధన సాహిత్యంలో ‘నర్సింగ్ హోమ్’ అని కనబడే ఫలితాలను అమీర్‌పేటలోని ముప్పై పడకల ఆసుపత్రికి ఉన్నవి ఉన్నట్టుగా అన్వయించడం కుదరదు. అక్కడి సంస్థకు ఇక్కడ సమానమైనది వృద్ధాశ్రమం. అయితే మోతాదు తప్పడం అనే సమస్య రెండుచోట్లా ఉంది. వచ్చే దారులే వేరు.

అమీర్‌పేట, పంజాగుట్ట హైదరాబాదు మెట్రో ఎరుపు మార్గంలో పక్కపక్క స్టేషన్లు. పంజాగుట్టలో నిజామ్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడికల్ సైన్సెస్, అంటే నిమ్స్, ఉంది. నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రిగా మొదలైన ఈ సంస్థ 1989 నాటి రాష్ట్ర చట్టంతో విశ్వవిద్యాలయ ప్రతిపత్తి పొందింది. జిల్లాల నుంచి వచ్చే రోగుల ప్రవాహం, దాని చుట్టూ మందుల దుకాణాలు, రోగనిర్ధారణ కేంద్రాలు, చిన్న ఆసుపత్రులు, రోగుల బంధువులు దిగే లాడ్జీలు ఈ ప్రాంతపు స్వరూపాన్ని తీర్చాయి. సాఫ్ట్‌వేరు కోచింగు బోర్డుల మధ్య నుంచి చేతిలో ఎక్స్‌రే కవరుతో, మందుల సంచితో నడిచే మనుషులు ఇక్కడ ఏ వేళలోనైనా కనబడతారు. మోతాదుల కథలో ఆ సంచికి పెద్ద పాత్రే ఉంది.

2. తప్పిపోవడం అంటే ఏమిటి?

మోతాదు తప్పడాన్ని ఒకే ముద్దగా చూడడం పొరపాటు. రాసిన మందు అసలే ఇవ్వకపోవడం ఒకటి. ఆలస్యంగా ఇవ్వడం మరొకటి. రక్తపోటు బాగా పడిపోయిందని గమనించి నర్సు బీపీ మాత్ర ఆపితే అది తప్పు కాదు, సరైన నిర్ణయం. రోగి వద్దనడం ఇంకొక సంగతి. ఈ నాలుగింటిలో ఏది జరిగినా చార్టులో చాలాసార్లు ఒకేలా కనబడుతుంది: ఒక ఖాళీ గడి. ఈ ఖాళీ గడిని అర్థం చేసుకోవడమే ఈ సమస్యలో సగం పని.

ఈ రంగంలో తరచుగా ఉదహరించే అధ్యయనాన్ని బార్కర్, ఆయన సహచరులు 2002లో ప్రచురించారు. అమెరికాలోని జార్జియా, కొలరాడో రాష్ట్రాల్లో 36 సంస్థల్లో పరిశీలకులు నర్సుల వెంట నడిచి 3,216 మోతాదులను కళ్లారా చూశారు. వాటిలో 605, అంటే 19 శాతం, ఏదో ఒక విధంగా తప్పినవే. ఆ తప్పుల్లో 43 శాతం వేళ తప్పినవి, 30 శాతం అసలే ఇవ్వనివి. వేరే మందు ఇవ్వడం వంటి, పత్రికల్లో పతాక శీర్షికలకెక్కే తప్పులు కొద్దిపాటివి మాత్రమే. ఇంగ్లండులో 2009లో వెలువడిన బార్బర్ బృందపు అధ్యయనం 55 సంరక్షణ గృహాల్లోని 256 మంది వృద్ధులను పరిశీలించింది. ఒక్కొక్కరు సగటున 8 మందులు వాడుతున్నారు; పదిమందిలో ఏడుగురి విషయంలో కనీసం ఒక్క పొరపాటైనా దొరికింది. మందు ఇచ్చే దశలో కనబడ్డ తప్పుల్లో దాదాపు సగం మోతాదు ఇవ్వకపోవడమే.

ఈ రెండు అధ్యయనాలూ ప్రత్యక్ష పరిశీలనపై ఆధారపడ్డాయి. ఏ సంస్థలోనైనా తప్పుల రిజిస్టరు తెరిచి చూస్తే తప్పుడు మందు ఇచ్చిన సంఘటన నమోదై ఉండవచ్చు. ఇవ్వని మాత్రను ఎవరూ నమోదు చేయరు, అది జరగని పని కాబట్టి. అందుకే ఈ లోపం ఉన్నదానికంటే చాలా చిన్నదిగా కనబడుతుంది.

3. అన్ని మోతాదులూ సమానం కావు

థైరాయిడ్ లోపానికి వాడే లెవోథైరాక్సిన్ శరీరంలో సగానికి తగ్గడానికి సుమారు 7 రోజులు పడుతుంది. ఒక ఉదయం అది తప్పితే రోగికి తేడా తెలియదు. పార్కిన్సన్ వ్యాధికి ఇచ్చే లెవోడోపా సంగతి అలా కాదు. దాని ప్రభావం గంటల్లోనే దిగిపోతుంది. ఒక మోతాదు ఆలస్యమైతే రోగి మంచం మీద కదలలేడు. గొంతు కండరాలు బిగుసుకొని మింగలేడు. మింగలేకపోతే తరవాతి మాత్ర కూడా లోపలికి పోదు. ఇలా ఒక తప్పు మరొక తప్పును కంటుంది. ఇంగ్లండులో పార్కిన్సన్ రోగుల సంఘం 2006లో ఆసుపత్రుల్లో ఈ మందును వేళకు ఇవ్వాలని ప్రత్యేకంగా ఉద్యమమే నడిపింది.

మూర్ఛ మందులు, ఇన్సులిన్, దీర్ఘకాలంగా వాడుతున్న స్టెరాయిడ్లు, రక్తం గడ్డకట్టకుండా వాడే మందులు, అవయవ మార్పిడి జరిగినవారికి ఇచ్చే మందులు ఇదే కోవలోకి వస్తాయి. క్లోనిడిన్ వంటి రక్తపోటు మందు హఠాత్తుగా ఆగితే రక్తపోటు మునుపటికంటే పైకి ఎగబాకుతుంది. యాంటీబయాటిక్‌ల విషయంలో మొదటి మోతాదే ప్రాణాధారం. కుమార్, ఆయన సహపరిశోధకులు 2006లో ప్రచురించిన అధ్యయనంలో, సెప్టిక్ షాకుకు గురైన రోగుల్లో రక్తపోటు పడిపోయిన తరవాత తగిన యాంటీబయాటిక్ ఆలస్యమైన ప్రతి గంటకూ బతికే అవకాశం సగటున 7.6 శాతం చొప్పున తగ్గింది.

బ్రిటన్‌లోని జాతీయ రోగిభద్రతా సంస్థ 2010లో తప్పిన, ఆలస్యమైన మోతాదులపై ప్రత్యేక హెచ్చరిక జారీ చేసింది. ప్రతి ఆసుపత్రీ తనకు వర్తించే ‘ఆలస్యం సహించని మందుల’ జాబితాను తయారు చేసుకోవాలన్నది అందులోని ముఖ్య సూచన. ఇరవై పడకల నర్సింగ్ హోముకు ఇది మొదటి పని కావాలి. అన్ని మందులనూ ఒకే శ్రద్ధతో ఇవ్వమని సిబ్బందికి చెప్పడం వినడానికి బాగుంటుంది. ఇద్దరు నర్సులు పాతికమందిని చూసుకొనే రాత్రిపూట ఆ మాటకు అర్థం ఉండదు. ఏ పది మందులు గంట కూడా ఆగలేవో గోడ మీద పెద్ద అక్షరాలతో ఉంటే, శ్రమ ఎక్కడ పెట్టాలో వారికి తెలుస్తుంది.

తప్పిన మోతాదును సర్దడంలోనూ మందుకొక నియమం ఉంటుంది. వార్ఫరిన్ సాయంత్రం మరచిపోతే అదే రాత్రి వేసుకోవచ్చు. మరునాడు గుర్తొస్తే రెండు కలిపి వేసుకోకూడదు. ‘నిన్నటిది కూడా కలిపి వేసేద్దాం’ అనే సదుద్దేశం రక్తస్రావానికి దారితీయగలదు.

4. 1-0-1 లెక్క, షిఫ్టు గడియారం

తెలుగునాట మందుచీటీకి ఒక సంకేతభాష ఉంది: 1-0-1. పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి. అక్షరం రానివారికి కూడా అర్థమయ్యే ఈ లెక్క వెనుక ‘పూట’ అనే భావన ఉంది. మన పూటలు భోజనాన్ని అనుసరించి ఏర్పడ్డవి, గడియారాన్ని కాదు. పరగడుపున, టిఫిను తరవాత, భోజనం ముందు, పడుకొనే ముందు అనే మాటలు రోగి జీవితంలో ఇమిడిపోయి ఉన్నాయి కాబట్టే 1-0-1 ఇంతగా నిలదొక్కుకొంది. ఇది ప్రయోజనకరమైన సంప్రదాయం. అయితే ఇందులో మూడే గడులున్నాయి. ఆరు గంటలకొకసారి ఇవ్వవలసిన ఇంజెక్షను, రోజుకు ఐదుసార్లు వేయవలసిన లెవోడోపా, వారానికొకసారి మాత్రమే వేయవలసిన ఎముకల మాత్ర ఈ మూడు గడుల్లో ఇమడవు. చీటీలో ఇమడనిది చేతల్లోనూ జారిపోతుంది. తెల్లవారుజామున 2 గంటల మోతాదుకు మన భాషలో పూట పేరే లేదు.

రెండో చిక్కు మరింత సూక్ష్మమైనది. చాలా చిన్న ఆసుపత్రుల్లో నర్సుల షిఫ్టులు ఉదయం 8 గంటలకు, మధ్యాహ్నం 2 గంటలకు, రాత్రి 8 గంటలకు మారుతాయి. మందులు ఇచ్చే వేళలు కూడా స్థూలంగా అవే. అంటే మందుల ట్రే బయలుదేరవలసిన సమయానికే ఒక సిస్టరు బ్యాగు సర్దుకొంటూ ఉంటుంది, మరొక సిస్టరు కేస్ షీట్లు అందుకొంటూ ఉంటుంది. వెళ్లే ఆమె, వచ్చే ఆమె ఇస్తుందనుకొంటుంది. వచ్చిన ఆమె, వెళ్లిన ఆమె ఇచ్చే ఉంటుందనుకొంటుంది. ఈ రెండు నమ్మకాల మధ్య మాత్ర పడిపోతుంది. ఇక్కడ నిర్లక్ష్యం ఎవరిదీ కాదు; ఇద్దరూ పని తెలిసినవారే. మందుల వేళను షిఫ్టు మార్పుకు గంట ముందుకో, గంట వెనక్కో జరిపితే పైసా ఖర్చు లేకుండా ఈ సందు మూసుకొంటుంది. ఇంత తేలికైన మార్పు చాలాచోట్ల ఎందుకు జరగలేదంటే, షిఫ్టు వేళలను నిర్ణయించేది యాజమాన్యం, మందుల వేళలను నిర్ణయించేది అలవాటు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసే బాధ్యత ఎవరికీ అప్పగించలేదు.

మూడోది, మధ్యలో ఆటంకాలు. సిడ్నీలోని రెండు ఆసుపత్రుల్లో 98 మంది నర్సులను పరిశీలించి వెస్ట్‌బ్రుక్ బృందం 2010లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, మందు ఇచ్చే సమయంలో కలిగే ఒక్కొక్క ఆటంకం వైద్యపరమైన తప్పులను 12.7 శాతం పెంచింది. సెలైను అయిపోయిందని ఒక బంధువు, బిల్లు ఎంతయిందని మరొక బంధువు, ఫోనులో కన్సల్టెంటు పిలిచే నర్సింగ్ స్టేషనులో ఈ ఫలితం ఎవరినీ ఆశ్చర్యపరచదు. మందులిచ్చేటప్పుడు నర్సులు ‘పలకరించవద్దు’ అని రాసిన జాకెట్టు తొడుక్కోవాలన్న ప్రయోగాన్ని అదే పరిశోధకురాలు తరవాత పరీక్షించారు. ఆటంకాలు కొంత తగ్గాయి. కాని ఆ జాకెట్టు ఉక్కగా, ఇబ్బందిగా ఉందని సిడ్నీ నర్సులే వాపోయారు. మే నెల హైదరాబాదులో దాన్ని తొడుక్కోమనడం కంటే, ఆ అరగంట సేపు బంధువుల ప్రశ్నలకు జవాబు చెప్పే వేరే మనిషిని కౌంటరులో కూర్చోబెట్టడం మేలు.

5. చీటీ చేసే ప్రయాణం

పాశ్చాత్య పరిశోధనల్లో ఎక్కడా కనబడని ఒక పాత్ర మన నర్సింగ్ హోముల్లో కీలకం: అటెండెంటు. రోగి మంచం పక్కన స్టూలు మీద కూర్చొనే కొడుకో, కోడలో, చెల్లెలో. మందు అక్కడి ఫార్మసీ నుంచి నేరుగా వార్డుకు రాదు. డ్యూటీ డాక్టరు రాసిన చీటీని సిస్టరు అటెండెంటు చేతికిస్తుంది. అతడు కింది అంతస్తులోని మెడికల్ షాపుకు వెళ్లి, డబ్బు కట్టి, సంచి తెచ్చి నర్సింగ్ స్టేషనులో అప్పగిస్తాడు. కుటుంబమే ఇక్కడ సరఫరా వ్యవస్థ.

ఆ దారిలో మోతాదు తప్పే చోట్లు ఎన్నో. కన్సల్టెంటు తన ప్రధాన ఆసుపత్రిలో పని ముగించుకొని రాత్రి 9 గంటలకు వచ్చి కొత్త యాంటీబయాటిక్ రాస్తాడు. అప్పటికి పగలంతా ఉన్న కొడుకు ఇంటికి వెళ్లిపోయాడు. రాత్రికి తోడున్న తల్లి చేతిలో డబ్బు లేదు, యూపీఐ తెలియదు. షాపులో ఆ కంపెనీ మందు లేదు, వేరేది ఇవ్వాలంటే డాక్టరును అడగాలి. మొదటి మోతాదు తెల్లవారాక పడుతుంది. చార్టులో మాత్రం రాత్రి 9 గంటల గడి ఖాళీగానో, మరీ చెడ్డ పరిస్థితుల్లో టిక్కుతోనో ఉంటుంది. ఈ ఆలస్యాన్ని ‘రోగి తరఫువారు మందు తేలేదు’ అని రాసి ముగించడం అన్యాయం. అత్యవసరమైన ఓ పదిహేను రకాల మందుల మొదటి మోతాదులను వార్డులోనే నిల్వ ఉంచి, ముందు ఇచ్చి తరవాత బిల్లులో చేర్చే పద్ధతి కొత్తదేమీ కాదు. చిన్న ఆసుపత్రులు వెనకాడేది వసూలు కాదేమోనన్న భయంతో, గడువు దాటిన నిల్వ నష్టమవుతుందన్న లెక్కతో. ఆ లెక్కలో సెప్సిస్ రోగి గంటలు కూడా చేరాలి.

అంతకంటే నిశ్శబ్దంగా తప్పేవి ఇంటినుంచి వచ్చిన పాత మందులు. తుంటి ఎముక విరిగి చేరిన డెబ్బై ఏళ్ల వృద్ధురాలికి ఎముక గురించి అన్నీ రాస్తారు. ఆమె పదేళ్లుగా వాడుతున్న మూర్ఛ మాత్ర, నీటికాసుల వ్యాధికి కంట్లో వేసుకొనే చుక్కలు డ్రగ్ చార్టులోకి ఎక్కవు. అడిగితే కొడుకు ‘బీపీ మాత్ర ఒకటి, షుగరు మాత్ర ఒకటి, ఇంకేదో చిన్న తెల్ల మాత్ర’ అంటాడు. చార్టులో లేని మందును ఏ సిస్టరూ మరచిపోలేదు. అది ఆమెకు తెలియనే తెలియదు. శస్త్రచికిత్సకు ముందు ‘నోటితో ఏమీ ఇవ్వవద్దు’ అన్న ఆదేశం కూడా ఇలాంటి పనే చేస్తుంది. భోజనం ఆపమన్న మాటను మందులన్నీ ఆపమన్నట్టుగా తీసుకొంటారు. గుక్కెడు నీటితో ఇవ్వవలసిన గుండె మందు, మూర్ఛ మందు కూడా ఆగిపోతాయి. మత్తుమందు వైద్యుడు ఏది ఆపాలో, ఏది ఇవ్వాలో పేరు పేరునా రాయడమే దీనికి పరిష్కారం.

చేరిన రోజే ఇంట్లోని మందులన్నీ సంచితో సహా తెప్పించి, స్ట్రిప్పుల మీది పేర్లు చూసి చార్టులోకి ఎక్కించే పనికి ఒక మనిషి కావాలి. భారతదేశంలో 2008 నుంచి ఫార్మ్ డి కోర్సు నడుస్తోంది. ఆసుపత్రి వార్డుల్లో పనిచేయడానికే రూపొందిన చదువు అది. ఆ పట్టభద్రులకు తమ శిక్షణకు తగిన వార్డు పని దొరకడం అరుదు. రెండు మూడు నర్సింగ్ హోములు కలిసి ఒక క్లినికల్ ఫార్మసిస్టును నియమించుకోవడానికి, ఒకే వీధిలో ఇన్ని ఆసుపత్రులున్న ఈ ప్రాంతం కంటే అనువైన చోటు ఉండదు.

6. వృద్ధాశ్రమం: మింగని మాత్రలు

వృద్ధాశ్రమాల్లో స్వరూపం మారుతుంది. ఇక్కడ రోజూ వైద్యుడు రాడు. పిల్లలు నెలకొకసారి మందులు తెచ్చి ఇస్తారు. విదేశాల్లో ఉన్నవారు ఆన్‌లైనులో పంపుతారు. అవి అయిపోవడానికి, మళ్లీ రావడానికి మధ్య రెండు మూడు రోజుల ఖాళీ సులభంగా ఏర్పడుతుంది. మాత్రలు ఇచ్చే ఆయాకు తెలుగు చదవడం వచ్చినా స్ట్రిప్పు మీది ఇంగ్లీషు రాదు. ఆమె రంగును బట్టి, ఆకారాన్ని బట్టి గుర్తుపడుతుంది. కంపెనీ మారి గులాబీ మాత్ర తెల్లగా వస్తే ‘ఇది మన మందు కాదు’ అని పక్కన పెడుతుంది. ఆమె జాగ్రత్తే మోతాదు తప్పడానికి కారణమవుతుంది. ప్రతి వృద్ధుడి పేరిట మందు పేరు, దేనికి, ఏ పూట అన్నది తెలుగులో రాసిన కార్డు, మాత్ర మారినప్పుడల్లా ఆ కార్డుపై కొత్త మాత్ర అంటించి చూపడం ఈ చిక్కును చాలావరకు తీరుస్తాయి.

రోగి తానుగా వద్దనుకొనే సందర్భాలను నిర్లక్ష్యం అని తోసిపుచ్చకూడదు. మూత్రం ఎక్కువగా పోయే ఫ్యూరోసెమైడ్ మాత్రను ఒక వృద్ధురాలు దవడన దాచుకొని, తరవాత చీర కొంగులో ముడివేసిందంటే, రాత్రి మరుగుదొడ్డికి వెళ్తూ పడిపోతాననే భయం దాని వెనుక ఉండవచ్చు. నిమ్స్ ఓపీకి వెళ్లవలసిన ఉదయం ఆ మాత్ర మానేసేవారు, బస్సులో, క్యూలో గంటలు గడపవలసిన సంగతి తెలిసి మానేస్తారు. దానికి మందలింపు పనికిరాదు. మాత్ర వేళ మార్చడం పనికివస్తుంది. ‘వేడి చేస్తుంది’, ‘ఇన్ని మందులు ఒంటికి పడవు’ అనే మాటల్లోనూ కొంత నిజం ఉండకపోదు. ఎనిమిది మందుల్లో రెండు అనవసరమైనవైతే, వాటిని వైద్యుడు తొలగించడం మిగిలిన ఆరింటినీ కాపాడుతుంది.

ఉపవాసాల సంగతి మరొకటి. కార్తీక సోమవారం నక్షత్ర దర్శనం దాకా, రంజాన్ మాసంలో సూర్యాస్తమయం దాకా నోట ఏమీ వేసుకోనివారు ఈ ప్రాంతపు సంస్థల్లో పక్కపక్క మంచాల మీదే ఉంటారు. మధ్యాహ్నపు మాత్ర తప్పుతుందని ముందే తెలిసిన రోజులివి. క్యాలెండరులో ఉన్న రోజులను ఆకస్మికాలుగా చూడనక్కర లేదు. రోజుకు మూడుసార్లు వేసే మందును రెండుసార్లు వేసే రకానికి మార్చడం, సహరీ, ఇఫ్తార్ వేళలకు సర్దడం, ఇన్సులిన్ మోతాదు తగ్గించడం వైద్యుడు వారం ముందే చేయగల పనులు. ఇవి ఆయా చేతిలో వదలవలసిన నిర్ణయాలు మాత్రం కావు.

మింగలేనివారికి మాత్రలు నూరి పాలలో కలిపి ఇవ్వడం వాడుకలో ఉంది. నెమ్మదిగా కరిగేలా తయారైన మాత్రను నూరితే రోజంతా అందవలసిన మందు ఒక్కసారిగా రక్తంలో కలుస్తుంది; ఆపై రాత్రికి ఏమీ మిగలదు. లెక్కకు మోతాదు పడినట్టే, నిజానికి ఒక పూట ఎక్కువై, మరొక పూట తప్పినట్టు.

7. చట్టం, చార్టు, జీతం

ఉమ్మడి రాష్ట్రంలో 2002లో ప్రైవేటు వైద్య సంరక్షణ సంస్థల రిజిస్ట్రేషన్, నియంత్రణ చట్టం వచ్చింది. కేంద్రం 2010లో క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం చేసింది. తెలంగాణ తరవాత దాన్ని స్వీకరించింది. ఈ చట్టాల దృష్టి ప్రధానంగా రిజిస్ట్రేషన్, వసతులు, సిబ్బంది అర్హతలు, రికార్డుల మీద ఉంటుంది. మోతాదు వేళకు పడిందా అన్నది తనిఖీ అధికారి మంచం పక్కన నిలబడి చూసే విషయం కాదు. అమెరికాలో వృద్ధుల నర్సింగ్ హోముల తనిఖీ బృందాలు సరిగ్గా అదే చేస్తాయి: నర్సు మందులిచ్చేటప్పుడు వెంట ఉండి లెక్కిస్తాయి, తప్పుల రేటు 5 శాతానికి చేరితే అది నిబంధనల ఉల్లంఘన. మనకు ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు ప్రమాణాల్లో మందుల నిర్వహణకు ప్రత్యేక అధ్యాయం ఉంది. ఆ గుర్తింపు స్వచ్ఛందం. చిన్న నర్సింగ్ హోములు దాని వైపు నడిచేది ఎక్కువగా బీమా సంస్థల అవసరం కోసం.

మందుచీటీలో జనరిక్ పేరు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాలతో రాయాలని భారత వైద్య మండలి 2016లో నిబంధన సవరించింది. ఆ స్పష్టత చీటీ దగ్గర ఆగకుండా డ్రగ్ చార్టుకు కూడా చేరాలి. చార్టులో చేయవలసిన మార్పు చిన్నది. మందు ఇస్తే వేళ, సంతకం. ఇవ్వకపోతే ఖాళీ వదలకుండా కారణాన్ని తెలిపే ఒక అక్షరం: మందు రాలేదు, రోగి వద్దన్నాడు, వైద్యుడు ఆపమన్నాడు, రోగి ఎక్స్‌రేకు వెళ్లాడు, మింగలేడు. షిఫ్టు మారేటప్పుడు ఇద్దరు నర్సులూ కలిసి ఖాళీ గడులను మాత్రమే చూస్తే చాలు, పది నిమిషాల పని. నెల చివర ఆ అక్షరాలను లెక్కపెడితే సంస్థకు తన రోగం ఏమిటో తెలుస్తుంది: ‘మందు రాలేదు’ ఎక్కువుంటే నిల్వ లోపం, ‘వద్దన్నాడు’ ఎక్కువుంటే మందుల ఎంపికలో లోపం.

ఇది పనిచేయాలంటే ‘ఇవ్వలేదు’ అని రాసిన నర్సును శిక్షించకూడదు. నిజం రాస్తే మెమో, టిక్కు పెడితే మౌనం అన్న పరిస్థితిలో టిక్కులే పెరుగుతాయి. బార్‌కోడు స్కానర్లు కొంతవరకు ఈ అబద్ధాన్ని అడ్డుకొంటాయి. బోస్టన్‌లోని బ్రిగమ్ ఆసుపత్రిలో వాటిని ప్రవేశపెట్టాక వేళకు సంబంధించిన తప్పులు 27.3 శాతం, ఇతర తప్పులు 41.4 శాతం తగ్గినట్లు పూన్ బృందం 2010లో వెల్లడించింది. ఒక్కొక్క మాత్రకు కోడు ఉండే ప్యాకింగు లేని చోట, పది మాత్రల స్ట్రిప్పును కత్తెరతో ముక్కలు చేసి బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఒక ముక్కకే మిగిల్చే చోట, ఆ యంత్రం కొనడం ముందు చేయవలసిన పని కాదు.

చివరికి అన్నీ మనిషి దగ్గరే ఆగుతాయి. సుప్రీంకోర్టు 2016 జనవరిలో ఇచ్చిన ఆదేశం మేరకు కేంద్రం నియమించిన నిపుణుల కమిటీ, 50 పడకలలోపు ప్రైవేటు ఆసుపత్రుల్లో కూడా నర్సు జీతం నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని సిఫారసు చేసింది. అమలు రాష్ట్రాల చేతిలో ఉంది. తక్కువ జీతానికి చేరి, అనుభవం రాగానే కార్పొరేటు ఆసుపత్రికో గల్ఫుకో వెళ్లిపోయే నర్సులతో నడిచే వార్డులో ప్రతి మూడు నెలలకూ చార్టు పద్ధతి మళ్లీ మొదటినుంచి నేర్పవలసి వస్తుంది. మోతాదుల గురించిన చర్చల్లో జీతాల ప్రస్తావన అరుదుగా వస్తుంది. రావలసిన మొదటి ప్రస్తావనల్లో అది ఒకటి.

8. డిశ్చార్జి సాయంత్రం

నర్సింగ్ హోములోని మోతాదుల్లో ఎవరి బాధ్యతకూ చెందనిది డిశ్చార్జి రోజు సాయంత్రపు మోతాదు. ఉదయం రౌండులో డాక్టరు ‘ఇవాళ పంపవచ్చు’ అంటాడు. బిల్లు తయారీ, బీమా అనుమతి, డబ్బు సర్దుబాటు అయ్యేసరికి సాయంత్రం అవుతుంది. పంపించే రోగి కాబట్టి మధ్యాహ్నం నుంచే అతని పేరు మందుల ట్రేలో ఉండదు. రాత్రి 8 గంటలకు ఆ కుటుంబం పంజాగుట్ట కూడలిలో ఆటో కోసమో, ఊరికి వెళ్లే బస్సు కోసమో నిలబడి ఉంటుంది. చేతిలో డిశ్చార్జి సమ్మరీ ఉంటుంది. అందులో మందుల పేర్లు, 1-0-1, ఎన్ని రోజులు అన్నీ ఉంటాయి. ఇవాళ్టి చివరి మోతాదు ఎప్పుడు పడింది, తరవాతిది ఎన్ని గంటలకు వేయాలి అన్న గడి ఆ కాగితంలో సాధారణంగా ఉండదు. దూరపు ఊళ్లకు వెళ్లేవారు మందులు ఊళ్లోనే కొందామనుకొంటారు. వాళ్లు ఇల్లు చేరేసరికి అక్కడి షాపు మూసి ఉంటుంది.

సమ్మరీలో ఆ రెండు వేళలకు రెండు గడులు చేర్చి, మరునాటి ఉదయం వరకు సరిపడే మాత్రలను పొట్లం కట్టి, దాని మీద తెలుగులో వేళ రాసి చేతికివ్వడం డిశ్చార్జి కౌంటరులో అయిదు నిమిషాల పని. గడపదాటే ముందు ఆ పొట్లం ఎవరి జేబులో ఉందో, రాత్రి మాత్ర ఎవరు వేస్తారో సిస్టరు అటెండెంటును అడిగి, అతడి నోటితో ఒకసారి చెప్పించుకోవాలి.